అత్త చదివిన మొదటి కీర్తన

మా అత్త పోయిందన్న కబురు నాకు బడిలో, రెండో తరగతి పిల్లలకు ఒత్తులు రాయిస్తుండగా వచ్చింది. ఆఫీసు గదిలో ఫోను మోగితే హెడ్మాస్టరు గారే వచ్చి పిలిచారు. అవతల మా పక్కింటామె. "టీచరమ్మా, మీ అత్త ఇంగ లేదమ్మా" అని ఆ ఒక్క మాటా చెప్పి ఏడ్చేసింది. నా చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక ఇంటిదాకా పట్టుకునే వచ్చాను.

ఆ పొద్దున నేను బయల్దేరేటప్పుడు ఆమె అరుగు మీద కుర్చీలో కూర్చుని కీర్తనలు చదువుకుంటూ ఉంది. తలెత్తి, "పెరుగన్నం పెట్టుకున్నావా? ఎండ జాస్తిగా ఉండాది" అంది. నాతో అన్న ఆఖరి మాట అదే. గంట తర్వాత పక్కింటామెను పిలిచి రోన్ని మంచినీళ్ళు అడిగిందట. ఆమె చెంబు తెచ్చేసరికి అత్త పుస్తకం మూసి పక్కన పెట్టుకుని, తల వెనక్కి వాల్చేసింది. నిద్రపోయిందనుకుని కాసేపు లేపలేదంట.

ఆమె వయసెంతో మాకెవరికీ సరిగ్గా తెలియదు. పనిచేసిన చోట కాగితాల్లో ఉన్నది ఎవరో గుమాస్తా ముఖం చూసి రాసుకున్న లెక్క. డెబ్బై దాటి ఉంటుంది. చంద్రగిరిలో కోటకు పోయే దావ పక్కన మా ఇల్లు. అక్కడి నుంచి రోజూ బస్సెక్కి తిరుపతికి పోయి, ఒక కాన్పుల ఆసుపత్రిలో ముప్పై ఏండ్లు ఆయాగా చేసింది. ఎంతమంది పిల్లలకు మొదటి స్నానం చేయించిందో ఆమెకే తెలియదు. బజారులో మీసాలొచ్చిన కుర్రవాణ్ణి చూపించి, "ఈ అబ్బోడు కాళ్ళు ముందర పెట్టి వచ్చినాడు, వాళ్ళమ్మను శానా ఏడిపించినాడు" అనేది.

ఇన్ని చేసిన మనిషికి అక్షరం ముక్క రాదు. నేను కోడలిగా వచ్చేనాటికి హాజరు పట్టీలో వేలిముద్రే వేసేది.

నేను ఆ ఇంటికి వచ్చిన తీరు కూడా చెప్పాలి. మాది చిత్తూరు దగ్గర చెరుకు పండించే కాపుల ఇల్లు. పొద్దున్నే తులసికోటకు నీళ్ళు, శనివారం ఒంటిపూట, ఏటా ఒకసారి కాలినడకన తిరుమల. తిరుపతిలో టీచరు ట్రైనింగు చదువుతున్నప్పుడు ఆటో నడిపే ఒకాయన్ని ఇష్టపడ్డాను. వాళ్ళు క్రైస్తవులు. రిజిస్ట్రారు ఆఫీసులో పెండ్లి. మా నాయన ఎవరి చేతనో కబురు పంపినాడు: "నాకు కూతురు లేదనుకుంటా." అంతే. తొంభైల మొదట్లో సంగతి ఇది.

కొత్తకోడలిగా వచ్చిన మూడో రోజు అత్త నా పక్కన కూర్చుని, కాసేపు కొంగు అంచు సవరించుకుని, అడిగింది.

"పాపా, నీకు సదువొచ్చు గదా?"

"వచ్చు అత్తా."

"బాగా వచ్చా?"

నవ్వొచ్చింది. "పిల్లోళ్ళకు చెప్పేంత వచ్చు."

ఆమె లోపలికి పోయి ఒక మూట తెచ్చింది. ఆపరేషను గదిలో వాడే ఆకుపచ్చ గుడ్డ, ఉతికి ఉతికి వెలిసిపోయింది. దాంట్లో బైబిలు. మామ ఉన్నప్పుడు రోజూ పొద్దున ఆయన ఒక కీర్తన చదివితే ఈమె వినేది. ఆయన పోయి అప్పటికి ఎనిమిదేండ్లు. కొడుకు చీకట్లోనే ఆటో తీసుకుని స్టేషనుకు పోతాడు. చదివేవాళ్ళు లేరు.

"ఎనిమిదేండ్ల నుంచి దీన్ని తెరవనే లేదా?" అన్నాను.

"యాల తెరవను? తెరుస్తా, సూస్తా, మూస్తా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. వెంటనే ఆమే మళ్ళీ, "నీకు ఇష్టం లేకపోతే వద్దు తల్లీ. మీ ఇంటి దేవుడు వేరే. నువ్వు నమ్మాలని నేను అడగడంలే. నాకు సదివి పెడితే సాలు" అంది.

అట్లా మొదలైంది. నాకది ఇంటిపనుల్లో ఒక పని. చీపురు పట్టడం, కాఫీ పెట్టడం, కీర్తన చదవడం. ఆమె మాత్రం ముందు సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కునేది, ఆసుపత్రిలో బిడ్డను ఎత్తుకునే ముందు కడుక్కున్నట్టే. పుస్తకం పట్టుకునేది నేను, చేతులు కడుక్కునేది ఆమె. కొన్నాళ్ళకు సిగ్గేసి నేనూ కడుక్కోవడం మొదలుపెట్టాను.

మొదట్లో గబగబా చదివేసేదాన్ని. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు చెయ్యి అడ్డం పెట్టింది. "రోంత నిదానంగా సదువు మే. రేడియోలో వార్తలు సెప్పినట్ల సదవాకు. ఆయన యేడస్తా ఉండాడు ఆడ."

"ఎవరు?"

"ఈ పాట కట్టినాయన."

నేను మళ్ళీ వెనక్కి పోయి చూశాను. నిజమే, ఏడుస్తున్నాడు. చదువుకున్న నాకు కనిపించనిది చదువురాని ఆమెకు వినిపించింది.

ఆ పాతకాలపు తెలుగు నాకే కొరకరానిదిగా ఉండేది. ఆమె దాన్ని తన మాటల్లోకి తిప్పుకునేది. కాన్పుల వార్డులో పేషెంట్లను పేరుతో కాక మంచం నంబరుతో గుర్తుపెట్టుకున్నట్టే కీర్తనలను కూడా నంబర్లతోనే గుర్తుపెట్టుకుంది. "ఆరో నంబరులో ఏడ్చి ఏడ్చి పరుపంతా తడుపుకున్నోడు ఉండాడు. ఇరవై రెండు పక్కన ఇరవై మూడు ఉండేది బో మంచిది, దిగులుపడినోడి పక్కనే కుదుటపడినోడు." నూట ముప్పై తొమ్మిది అంటే ఆమెకు ప్రాణం. తల్లి కడుపులోనే బిడ్డను దేవుడు నేస్తాడని దాంట్లో ఉంది. అది విన్నప్పుడల్లా తల ఊపి, "మగ్గం మాదిరి పోగూ పోగూ పెట్టి నేస్తాడు. ఆ గుడ్డ మడిచేది మాత్రం మా పని" అనేది.

పెండ్లయిన రెండో ఏడు నాకు నెల తప్పింది. అదే సమయంలో జిల్లా అంతటా పెద్దవాళ్ళకు చదువు నేర్పే తరగతులు పెట్టినారు. ఆసుపత్రి వెనక బట్టలుతికే షెడ్డులో, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఒక గంట. ఊడ్చేవాళ్ళు, ఉతికేవాళ్ళు, ఆయాలు కూర్చునేవాళ్ళు. అత్త ఇంట్లో నాకు చెప్పకుండా రెండు వారాలు పోయిందట. ఒకరోజు మాత్రల డబ్బా మీద అక్షరాలు కూడబలుక్కుంటూ దొరికిపోయింది.

"ఈ వయసులో ఎందుకత్తా? నేను చదివి పెడతా ఉండా గదా" అన్నాను.

"నీకు బిడ్డ పుడితే నాకు సదివి పెట్టే తీరిక నీకు యాడుంటాది? నా మాదిరి నువ్వు గూడా బిడ్డ ఎనక పరిగెత్తాల. నేనే నేర్చుకుంటా."

ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వులే నవ్వులు. బస్టాండులో ఎవరినీ అడక్కుండా బోర్డు తనే చదివి బస్సెక్కిన రోజు, గుమ్మంలోంచే అరుచుకుంటూ వచ్చింది. "మే! సదివి ఎక్కినా! చంద్రగిరి అని సదివి ఎక్కినా!" తీరా చూస్తే అది చంద్రగిరి మీదుగా ఇంకెక్కడికో పోయే బస్సు, మా వీధి మొగదల ఆగలేదు. మైలు దూరం వెనక్కి నడిచి వచ్చింది. దానికీ నవ్వింది. "చంద్రగిరి అని సదివినా, దాని ముందర ఇంగో పేరుంటే అది సదవలేదు" అంది. హాజరు పట్టీలో మొదటిసారి సంతకం చేసినప్పుడు గుమాస్తా కళ్ళజోడు తీసి మరీ చూశాడట.

నాకు తొమ్మిదో నెల. ఒక మధ్యాహ్నం బిడ్డ కదలడం తగ్గింది. ఆసుపత్రికి పోయేసరికి ఆలస్యమైపోయింది. మగబిడ్డ. పుట్టకముందే పోయినాడు.

ఆ రోజు వార్డులో డ్యూటీ మా అత్తదే. పెద్ద నర్సమ్మ, "తల్లికి చూపించొద్దు, తట్టుకోలేదు, తీసుకెళ్ళిపో" అందట. అత్త మాత్రం బిడ్డకు నీళ్ళు పోసింది. బతికిన బిడ్డకు ఎట్లా పోస్తుందో అట్లాగే, గోరువెచ్చని నీళ్ళు, చెవులు మూసి. మెత్తటి గుడ్డలో చుట్టి నా మంచం దగ్గరకు వచ్చి నిలబడింది.

"సూస్తావా పాపా? సూడలేనంటే తీసకపోతా. సూడాలంటే నీదే."

చూస్తానన్నాను. నా చేతుల్లో పెట్టింది. తెర లాగి, ఎవరూ రాకుండా దాని బయట నిలబడింది. ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు. ఆ కాసేపు నాకు దక్కినందుకు ఈనాటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

అదే రోజు సాయంత్రం మా నాయన వచ్చినాడు. మా ఆయన మా పుట్టింటి ఊళ్ళో ఎవరింటికో ఫోను చేసి చెప్పించినాడంట. బస్సు దిగి వచ్చి, ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడిపోయినాడు. ఈ సంగతి చాలా ఏండ్ల తర్వాత నాయనే చెప్పినాడు నాకు. అత్త చెత్త పారేయడానికి వచ్చి చూసి, పోలికను బట్టి గుర్తుపట్టిందంట.

"ఏమప్పా, ఈడ నిలబడుకోనుండావు? లోపలికి రా."

"నేను రాకూడదులేమ్మా. కూతుర్ని వద్దనుకున్నోణ్ణి."

"నీ కూతురు బిడ్డను పోగొట్టుకోని ఏడస్తా ఉండాది. నువ్వూ బిడ్డను పోగొట్టుకున్నోడివే గదా. కాకపోతే నీ బిడ్డ బతికే ఉండాది. పద."

ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొస్తే నాయన లోపలికి వచ్చినాడు. నా తలమీద చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయినాడు.

ఇంటికొచ్చాక మొదటి రెండు రోజులూ ఏడ్చాను, తర్వాత అదీ ఆగిపోయింది. మూడో రోజు పొద్దున అలవాటు కొద్దీ అత్త పుస్తకం వైపు చూస్తే, నేను ఒక్కటే అన్నాను: "నేసినాడు గదా నీ దేవుడు కడుపులో, మరి మధ్యలో మగ్గం ఎందుకు ఆపినాడు?" ఆమె ముఖం పాలిపోయింది. పుస్తకాన్ని గుడ్డలో చుట్టి పైన పెట్టేసింది. ఆ తర్వాత నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆయన కూడా ఆటో తుడుచుకుంటూ వాకిట్లోనే ఉండిపోయేవాడు. ఆయన ఆ ఆదివారం నుంచి, మేం గుడి అని పిలిచే చర్చికి పోవడం మానేసినాడు.

పదకొండు రోజులు గడిచాయి. ఆ రోజు ఆమెకు సెలవు. అన్నం కలిపి నా ముందు పెట్టింది, నేను తినలేదు. ప్లేటు తీసేసి, చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. పైనున్న మూట దించింది. గడప మీద, నాకు కనిపించేటట్టు కూర్చుంది. జడలో పిన్ను తీసి, పేజీలు తిప్పుకుంటూ, అంకెలు వెతుక్కుంటూ ఎనభై ఎనిమిదో కీర్తన దగ్గర ఆగింది.

చదవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎవరి ముందూ బైబిలు తెరిచి చదివింది లేదు. ఒక్కో అక్షరం మీద పిన్ను మొన పెట్టి, గొంతులో పలికి చూసుకుని, అప్పుడు బయటికి పలికేది. ఒక పదం అయ్యేసరికి ముందు పదం మరిచిపోయి మళ్ళీ వెనక్కి వచ్చేది. మొదటి వరసలోనే ఆగిపోయింది.

"ర... ర..." అంది. తర్వాత అక్షరం దగ్గర పిన్ను ఆపింది. "మే, ఈ అచ్చరమేంది?"

నేను పలకలేదు.

"మాకింగా ఇది సెప్పలేదు షెడ్డులో. క మాదిరి ఉండాది. కాదు."

గోడవైపు తిరిగాను. ఆమె మళ్ళీ మొదటినుంచి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. మళ్ళీ మొదటినుంచి. ఆరేడుసార్లు అట్లాగే జరిగింది. నుదుటి మీద చెమట తుడుచుకుంది. పుస్తకం మూయలేదు. ఎంతైనా నేను టీచర్నే గదా. ఒక మనిషి ఒక్క అక్షరం దగ్గర అంతసేపు నిలబడి ఉంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

"క్ష" అన్నాను. "రక్షణ."

పదకొండు రోజుల తర్వాత నా నోటినుంచి వచ్చిన మాట అది. అత్త తలెత్తలేదు. ఏమీ జరగనట్టే "రక్షణ" అని పలికి ముందుకు పోయింది. తర్వాత ఇంకో ఒత్తు. ఇంకోటి. నేను చెప్తూ పోయాను, ఆమె చదువుతూ పోయింది. గోడ దగ్గర్నుంచి ఆమె పక్కకు ఎప్పుడు జరిగానో నాకే తెలియదు. పద్దెనిమిది వచనాలకు గంట పైనే పట్టింది.

ఆ కీర్తన తెలిసినవాళ్ళకు తెలుసు, దాంట్లో ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. పగలూ రాత్రీ మొరపెట్టుకుంటున్నా ఎందుకు ముఖం తిప్పుకున్నావని దేవుణ్ణే నిలదీస్తాడు. చివరికైనా తెల్లవారుతుందేమో అని చూస్తే, అది చీకట్లోనే ముగిసిపోతుంది.

"ఇదేందత్తా, అంతా అయిపోయినా ఏమీ బాగుపడలేదే" అన్నాను.

"బాగుపడలేదు. మీ మామ పోయినప్పుడు పాస్టరు అయ్యగారిని అడిగి ఇదే సదివించుకున్నా. ఈ నంబరు అప్పట్నుంచి గుర్తు." పిన్ను మళ్ళీ జడలో పెట్టుకుంది. "నువ్వడిగినావే మగ్గం యాల ఆపినాడని, నాకు తెలీదు పాపా. తెలీంది తెలుసని నీకు సెప్పలేను. కానీ ఇది సూడు, నీ మాదిరే అడిగినోడు ఒకడుండాడు. ఆ అడిగింది దేవుని పుస్తకంలోనే ఉండాది. తీసి పారెయ్యలా. అందుకే సెప్తా ఉండా, నువ్వు గూడా అడుగు. గట్టిగా అడుగు. నోరు మూసుకోని కూసోవాకు."

"ఇట్లా అడగడం తప్పు కాదా?"

"అడిగేది కూడా ప్రార్థనే. మాట్లాడకుండా పోతేనే దూరం."

ఆ సాయంత్రం నేను అడిగాను. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పేరు పెట్టి అడిగాను. ఎవరు వింటున్నారో తెలియదు గానీ, అడగడం ఆపలేదు. అత్త నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, వీపు రాస్తూ కూర్చుంది. తర్వాత ఇద్దరం పెరుగన్నం తిన్నాం.

నాకు ఒక్క రోజులో నమ్మకం కలిగిందని చెప్తే అబద్ధం. మరుసటి రోజు నుంచి ఎనభై తొమ్మిదో కీర్తన మొదలుపెట్టాం. ఒక వచనం ఆమె, ఒక వచనం నేను. అంతకుముందు నేను ఆమె కోసం చదివేదాన్ని. ఇప్పుడు నా వంతు కోసం నేనే కాచుకునేదాన్ని. నూటయాభై దాకా పోయి, మళ్ళీ ఒకటికి వచ్చేసరికి దాదాపు ఏడాది. ఆ ఏడాదిలో ఎప్పుడో, ఫలానా రోజు అని చెప్పలేను, కోపంగా అడుగుతున్నదాన్ని కాస్తా, మెల్లగా మాట్లాడుతున్నదాన్నయ్యాను. ఇంకొన్నాళ్ళకు థాంక్స్ చెప్పడం కూడా వచ్చింది. ఆదివారాలు ఆమె వెంట గుడికి పోవడం మొదలుపెట్టాను. ఆమె రమ్మనలేదు. నేనే చెప్పులు వేసుకున్నాను.

"బాగున్నప్పుడు సదివి పెట్టుకోవాల. బాగలేనప్పుడు అది మనల్ని సదవతాది" అనేది ఆమె. మొదటిసారి విన్నప్పుడు నాకు అర్థం కాలేదు.

రెండేళ్ళ తర్వాత మాకు కూతురు పుట్టింది. అదే వార్డులో, అత్త చేతుల్లోనే. బిడ్డను తుడుస్తూ నూట ముప్పై తొమ్మిదిని గట్టిగా వల్లించిందట. పక్క మంచాల వాళ్ళంతా తలలు తిప్పి చూశారని నర్సమ్మ నవ్వుతూ చెప్పింది.

మామూలుగా మాత్రం డ్యూటీలో ఉన్నప్పుడు నోరు తెరిచేది కాదు. ఎవరైనా అడిగితే తప్ప ఎవరి దగ్గరా చదివేది కాదు. ఒకసారి తిరుచానూరులో పూలమ్మే ఒకామెకు ఏడో నెలలోనే బిడ్డ పుట్టింది. గాజుపెట్టెలో పెట్టినారు. అత్త పక్కన కూర్చోబోతే ఆమె, "అక్కా, నేను అమ్మవారికి మొక్కుకోనుండా. నాకు మీ దేవుని మాటలు వద్దు" అంది. "మొక్కుకో తల్లీ. నేను ఊరికే కూసుంటా" అని డ్యూటీ అయ్యాక రోజూ ఒక అరగంట ఊరికే కూర్చునేది. నాలుగో రోజు ఆమే అడిగిందంట: "నోట్లో ఏందో అనుకుంటా ఉండావే, రోంత గట్టిగా అను. వింటా ఉంటే గుండె దడ తగ్గతాది." బిడ్డ బతికింది. ఆ పూలామె అమ్మవారి మొక్కు తీర్చుకుని, ఆ ప్రసాదం తెచ్చి అత్త చేతిలో పెట్టింది. అత్త రెండు చేతులా తీసుకుంది.

మా చిన్న గుడిలో ఆదివారం ఆరాధనలో ఒక పద్ధతి ఉంది. ఒకరు నిలబడి కీర్తనలో ఒక వచనం చదువుతారు, తర్వాతి వచనం అందరూ కలిసి చదువుతారు. అత్త పని మానుకున్న ఏడాది ఆ ముందు చదివే బాధ్యత అయ్యగారు ఆమెకు ఇచ్చారు. చదువుకున్నవాళ్ళు ఎంతోమంది ఉన్నారు గుడిలో. "మీరు తొందరపడరు, అందుకే" అన్నారాయన. నిజమే. ఆమె చదివితే ప్రతి మాటా బరువు చూసుకుని చేతికిచ్చినట్టు ఉండేది. ఒక్కోసారి ఒత్తు దగ్గర ఆగిపోతే గుడంతా ఊపిరి పట్టుకునేది. పిల్లలు కూడా నవ్వేవాళ్ళు కాదు.

మా ఆయన మాత్రం ఇన్నేళ్ళూ లోపలికి రాలేదు. ప్రతి ఆదివారం మమ్మల్ని ఆటోలో దించి, గేటు పక్క ఆటోలోనే కూర్చునేవాడు. ఆరాధన అయ్యాక మళ్ళీ ఎక్కించుకుని వచ్చేవాడు. నాకు కోపం వచ్చేది. "నువ్వన్నా చెప్పత్తా" అనేదాన్ని.

"వాకిలి దాకా వస్తా ఉండాడు గదా" అనేది ఆమె. "వాడు లోపలికి వచ్చే దావ వాడికి తెలుసు. నేను తొయ్యను."

ఆఖరి మూడేండ్లు ఆమెకు ఆయాసం. మెట్లెక్కలేకపోయేది. కానీ ఒక్క ఆదివారం మానలేదు. కూర్చునే చదివేది.

ఆమెను మట్టిచేసిన రోజు నేను ఊహించనంత మంది వచ్చారు. ఆసుపత్రి వాళ్ళు, బట్టలుతికే షెడ్డులో ఆమెతో కలిసి అక్షరాలు దిద్దినవాళ్ళు. తిరుచానూరు పూలామె వచ్చింది, పక్కన పొడుగ్గా ఎదిగిన కూతురు. మా నాయన పొద్దున్నే బస్సుకు వచ్చినాడు. పిడికెడు మట్టి వేసి, చెప్పులు లేకుండా ఎండలోనే నిలబడి, "ఈమె చెయ్యి పట్టుకోకపోతే నాకు కూతురు లేదు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. నేను విన్నాను.

తర్వాతి ఆదివారం మామూలుగానే తయారయ్యాం. నేను, మా అమ్మాయి. మా ఆయన ఆటో తీసినాడు. గేటు దగ్గర దించి ఆయన ఎప్పటిలాగే ఆటో పక్కకు తీసి ఆపినాడు. మేం లోపలికి పోయి కూర్చున్నాం.

పాట అయింది. ప్రార్థన అయింది. కీర్తన వంతు వచ్చింది. ఆ రోజుకు నూట ఇరవై ఆరు. ఏడుస్తూ విత్తనం చల్లడానికి పోయినవాడు నవ్వుతూ పంట మోసుకుని వస్తాడనే చిన్న కీర్తన. ఎవరు చదవాలో అయ్యగారు ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఆమె కూర్చునే చోటు వైపు చూసి, చూపు తిప్పుకుని, ఆగినారు. నేను లేవాలా అనుకున్నాను. గుడిలో ఎవరూ లేవలేదు.

వెనక తలుపు దగ్గర చప్పుడైంది. మా ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చినాడు. ఖాకీ చొక్కాతోనే. ఇరుకైన వరసల మధ్య నుంచి ముందుకు నడిచి వచ్చి, అయ్యగారి చేతుల్లోంచి పుస్తకం తీసుకున్నాడు. ఆయనకు చదువు బాగా వచ్చు, పేపరు గడగడా చదివేస్తాడు. ఆ రోజు మాత్రం మొదటి వచనం అక్షరం అక్షరం ఆగి చదివినాడు.

ఇప్పుడు మేం చదవాలి. అందరూ ఆయన్నే చూస్తూ చదవడం మరిచిపోయారు. పైనున్న ఫ్యాను గాలికి పేజీ లేస్తుంటే ఎడమ అరచేత్తో అదిమిపట్టుకుని, తల పైకెత్తి, మా వంతు మాట కోసం ఆయన అట్లాగే ఎదురుచూస్తూ నిలబడినాడు.